ఫ్యూజు వెనక రాగి సెంటు

మా తీరంలో రాగి సెంటు నాణేనికి రెండే ఉపయోగాలు. ఆదివారం చర్చిలో చందా పళ్ళెంలో గట్టిగా వేస్తే, ఇచ్చింది కొంచెమైనా దేవుడికి చప్పుడు బాగా వినిపిస్తుంది. మిగతా రోజుల్లో ఫ్యూజు మాడిపోతే, దాని వెనక పెడితే ఇంట్లో దీపం వెలుగుతుంది.

మా ఫ్యూజులు బల్బులా తిప్పి బిగించే రకం. ముందు చిన్న గాజు కిటికీ, లోపల సన్నటి లోహపు రేకు. కరెంటు హద్దు దాటితే రేకు కరిగి తెగుతుంది, కిటికీ నల్లబడుతుంది, ఇల్లు చీకటవుతుంది. కొత్త ఫ్యూజు కావాలంటే మంచులో కొట్టు దాకా నడవాలి. సెంటు మాత్రం జేబులోనే ఉంటుంది. మాడిన ఫ్యూజు తీసి, గుంట అడుగున సెంటును పడుకోబెట్టి, అదే ఫ్యూజును దాని మీద బిగిస్తే చాలు. కరెంటు తెగిన రేకు జోలికి పోకుండా నాణెం మీది రాణిగారి ముఖం మీదుగా నడిచి వెళ్ళిపోతుంది. ఈ విద్య మా ప్వాంత్ గ్రీజ్ పల్లెలో చంటిపిల్లలకి తప్ప అందరికీ వచ్చు.

మా పొగమంచు గురించి చెబితే కెనడాలో మా న్యూ బ్రన్స్‌విక్ బయట ఎవరూ నమ్మరు. మా బాబాయి సైకిలును పొగమంచుకు ఆనించి చర్చిలోకి వెళ్ళేవాడు. ప్రసంగం పొడుగై ఈలోగా ఎండ వస్తే, బయట సైకిలు పడిన చప్పుడు లోపలికి వినిపించేది. అది నమ్మమని నేను పట్టుబట్టను. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నమ్మాలి. ఇది కల్పించినా నాకు ఒరిగేదేమీ లేదు, ఇందులో నవ్వుకోవడానికి ఉన్నదీ తక్కువే.

ఇది మా బావ అలీర్ కథ.

దొసితే గారి అలీర్ అంటే మా ఊళ్ళో ఎవరైనా గుర్తుపడతారు. మాకు ఇంటిపేర్లు అందరివీ ఒకటే కాబట్టి తండ్రి పేరు పట్టుకునే మనిషిని పిలుస్తాం. బెస్తవాడి కొడుకై పుట్టి, ఒడ్డున కట్టేసిన పడవను చూసినా వాంతి చేసుకునేవాడు. దొసితే ముసలాయన విసిగిపోయి, "సముద్రం వీణ్ణి వద్దంది. ఇక కన్యాస్త్రీలే దిక్కు," అని కాన్వెంటులో వేశాడు. నన్నూ అక్కడే వేశారు. నేను నేర్చుకున్నది బెత్తం దెబ్బకు ఏ వైపు వంగాలన్నది. అతను నేర్చుకున్నది విద్యుత్తు.

సిస్టర్ పాసిఫిక్ అని ఒకావిడ ఉండేది. ఆవిడ దగ్గర పరికరాలేమీ లేవు. జాడీలో వెనిగర్ పోసి, ఒక రాగి సెంటు, ఒక జింకు పూత మేకు ఒకదానికొకటి తగలకుండా ముంచి, రెండింటికీ తీగలు కట్టి, ఆ తీగను దిక్సూచి మీదుగా పోనిచ్చింది. సూది తల తిప్పింది. మిగతా పిల్లలు వెనిగర్ వాసనకు ముక్కు మూసుకున్నారు. అలీర్ మాత్రం ఆ సూదిని అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజు నుంచి అతనికి కరెంటు పిచ్చి. ఊళ్ళోకి ఇంకా స్తంభాలు రాలేదప్పటికి.

స్తంభాలు వచ్చిన ఏడాది మా నాయనమ్మ బల్బు పెట్టించుకుంది. జపమాల తిప్పుతూ కళ్ళు మూసుకునే ఘట్టం వచ్చినప్పుడల్లా లేచి దీపం ఆపేసేది, చూడనప్పుడు వెలుగెందుకని. అలీర్ పెద్దవాడై, ఆవిడకి గంటసేపు వివరించాడు, బల్బు కరెంటును తినేయదని. ఆవిడ అంతా విని, "తినకపోతే బిల్లెందుకు వస్తుందిరా?" అంది. అతని దగ్గర దానికీ జవాబుంది. ఆవిడ దగ్గర అంత ఓపిక లేదు.

మా అక్క దెలీమాను అతను ప్రేమించింది కూడా కరెంటు మాటల్లోనే. చేతులు పట్టుకోవడానికి వలయం పూర్తి కావాలని సాకు చెప్పేవాడు. అక్క పీతల ఫ్యాక్టరీలో పని చేసేది, డబ్బాల్లోకి మాంసం ఎక్కించే బల్ల దగ్గర. "ఏమయ్యా, నీ వలయం ఇంకా పూర్తి కాలేదా? మా నాన్న చూస్తున్నాడు," అనేది. పెళ్ళయ్యాక కూడా ఆ మాట వాళ్ళిద్దరి మధ్య చాలాకాలం నడిచింది.

కాన్వెంటులో పై తరగతులకు చోటు లేక, చర్చివాళ్ళ పారిష్ హాలు మేడ మీద గది ఇచ్చారు. అక్కడ భౌతికశాస్త్రం చెప్పే పని బావకు దొరికింది. అతనికి ఉపాధ్యాయ శిక్షణ లేదు. ప్రతి ఏడూ ఫాదరుగారు మంచి మాట రాస్తే, ఆ ఏటికి అనుమతి. పట్నం నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి మెచ్చుకుంటే తప్ప ఉద్యోగం ఖాయం కాదు. బావ జీవితంలో కోరుకున్నది ఆ ఒక్కటే, ఆ గది తనకు ఖాయం కావడం.

ఆ గదిలో పాఠం ఎలా ఉండేదో నేను కిటికీ అవతల మెట్ల మీద కూర్చుని చాలాసార్లు విన్నాను. అప్పటికి నేను చేపల లారీ నడిపేవాణ్ణి. ఐసు కరిగేలోపు సరుకు అందించాల్సినవాణ్ణి అక్కడెందుకు కూర్చునేవాణ్ణంటే, వినడానికి అంత బాగుండేది మరి.

"ఏమర్రా, పండగ ఊరేగింపు గుర్తుందా?" అని మొదలుపెట్టేవాడు. "చర్చి ముందు తలుపు దగ్గర బయల్దేరి, చుట్టూ తిరిగి, వెనక చిన్న తలుపులోంచి లోపలికొచ్చి, మళ్ళీ ముందుకి. వలయం. పిల్లలంతా ఒకరి వెనక ఒకరు. తీగలో ఎలక్ట్రాన్లూ అంతే. వెనకనుంచి సిస్టరు 'నడవండి, నడవండి' అని తోస్తుందే, ఆ తోపు పేరు వోల్టేజి. ఒక చోట నిలబడి, క్షణానికి ఎంతమంది దాటారో లెక్క పెడితే అది ప్రవాహం. దాన్ని ఆంపియర్లలో కొలుస్తాం. వెనక తలుపు ఇరుకు కదా? అది నిరోధం. తోపు పెరిగితే ఎక్కువమంది దాటుతారు. తలుపు ఇరుకైతే తక్కువమంది. అంతే, ఓం నియమం అయిపోయింది. భయపడ్డారా?"

"ఇరుకు తలుపులో చొక్కాలు చినుగుతాయి మాస్టారూ!" అని ఒకడు.

"చినుగుతాయి, రాసుకుంటాయి, ఉక్క పోస్తుంది. ఆ ఉక్కే బల్బులో వేడి. ఆ వేడి మరీ ముదిరితే వెలుగు. కానీ ఒక్కటి చెప్పు, తలుపులో దూరిన పిల్లలెవరైనా తగ్గారా? ఎంతమంది వెళ్ళారో అంతమందీ బయటికొచ్చారు. బల్బు కరెంటును తినదు. వాళ్ళ ఒంట్లో ఓపికను తీసుకుంటుంది. ఆ ఓపికకే బిల్లు." ఇదీ మా నాయనమ్మకు చెప్పాలనుకున్న జవాబు.

మరో రోజు ఇంకో తలుపు తెరిచేవాడు. "చర్చికి వెనక రెండో తలుపు కొట్టించాం అనుకోండి, దాని పక్కనే. అది సమాంతర సంధానం. ఇప్పుడు రెండు తలుపుల్లోంచీ పిల్లలు పోతున్నారు. మొత్తం మీద ఎక్కువమంది నడుస్తున్నారు. కానీ ముందున్న దారి ఒక్కటే! రెండు తలుపులకీ వెళ్ళేవాళ్ళంతా ఆ దారినే రావాలి. మీ అమ్మ ఇంకో సామాను ప్లగ్గులో పెట్టినప్పుడల్లా ఇంకో తలుపు తెరిచినట్టే. ఇరుకయ్యేది గోడలో ఉన్న తీగ. అది వేడెక్కుతుంది, మీకు కనిపించదు. మన ఊరి గోడల్లో ఏముంది?"

"రంపపు పొట్టు, మాస్టారూ!" చలికి అందరం అదే నింపుతాం గోడల్లో.

"అందుకే ఆ దారి మొదట్లో అందరికంటే నీరసమైన పిల్లను నిలబెడతాం. తొక్కిడి ఎక్కువైతే ముందు ఆ పిల్ల మూర్ఛపోతుంది. ఊరేగింపు ఆగిపోతుంది. చర్చి మిగులుతుంది. ఆ పిల్లే ఫ్యూజు. ఆ పిల్లను పక్కకు లాగి, అక్కడ రాగి సెంటు పెట్టేవాణ్ణి ఏమనాలో నేను చెప్పను, పైన సిలువ ఉంది."

పిల్లలు నవ్వేవారు. ఇంటికి వెళ్ళి తల్లిదండ్రులకు చెప్పేవారు. తల్లిదండ్రులు నెత్తి మీద ఒకటి మొట్టేవారు. సెంట్లు ఎక్కడివక్కడే ఉండేవి.

బావ ఫాదరుగారి వెంటపడి హాలు ఫ్యూజు పెట్టెకు తాళం వేయించాడు. తాళంచెవి తన దగ్గరే పెట్టుకున్నాడు. అక్కడే తప్పు చేశాడని నేనిప్పటికీ అంటాను. ఒక వస్తువుకు ఒక్కడే తాళంచెవి మోస్తే, దానికి జరిగే ప్రతిదానికీ వాడే జవాబుదారీ అవుతాడు.

ఆ శరదృతువులో పారిష్ విందు. ఆదివారం పూజ అయ్యాక ఊరంతా హాల్లో ఫ్రికో తింటుంది, కోడి, బంగాళాదుంపలు కలిపి వండింది. శనివారం బావ పెట్టె తెరిచి లోపలున్న సెంట్లన్నీ తీసేసి, పదిహేను ఆంపియర్ల ఫ్యూజులు కొత్తవి బిగించాడు. వంటగది ఆడవాళ్ళను పిలిచి లెక్క చెప్పాడు. "ఒలీవ్ వదినా, చూడు. ఒక కాఫీ పాత్ర పది ఆంపియర్లు తీసుకుంటుంది. దీపాలు మూడు. మొత్తం పదమూడు. ఫ్యూజు పదిహేను. రెండో పాత్ర కూడా ఈ గోడకే పెడితే ఇరవై మూడు. సముద్రం వైపు గోడకి వేరే తీగ ఉంది, రెండోది అక్కడ పెట్టుకో."

ఒలీవ్ మా పారిష్ వంటగదికి మహారాణి. "సముద్రం వైపు గోడ ఎంత దూరమో తెలుసా అలీర్? నా మోకాళ్ళు ఎన్ని ఆంపియర్లో నీకేం తెలుసు?" అంది.

మర్నాడు మధ్యాహ్నం రెండు పాత్రలూ ఒకే గోడకు పెట్టింది. ఫాదరుగారు ప్రార్థనకు లేచి నిలబడగానే హాలు చీకటైంది. బయట వాన, ఆకాశం బూడిదరంగు. బల్లల మధ్య ఎవరిదో ఫ్రికో గిన్నె ఎవరి ఒళ్ళోనో పడింది. నవ్వులు. "దేవుడు వెలుగు కలుగును గాక అన్నాడు. అలీర్ వద్దన్నాడు!" అని గ్జావియే అరిచాడు. అతను పీతల ఫ్యాక్టరీలో మేస్త్రి, బడి కమిటీ సభ్యుడు, ఊళ్ళో మనుషులకు పేర్లు పెట్టేవాడు. ఆ రోజు బావకు పెట్టిన పేరు 'చీకటి మాస్టారు'.

మా ఊళ్ళో పెట్టిన పేరు ఊడదు. సమాధి రాయి మీద చెక్కిన పేరుకంటే గట్టిది. బావ పట్టించుకోలేదు. "ఫ్యూజు తన పని తాను చేసింది, ఫిదేల్. నవ్వనీ," అన్నాడు నాతో. అక్క మాత్రం పట్టించుకుంది. ఆమె రోజంతా ఆ బల్ల దగ్గర నిలబడాలి, రెండు వైపులా ఆడవాళ్ళు. "ఏమే దెలీమా, రాత్రిళ్ళు మీ ఇంట్లో దీపం ఎందుకు? చీకటి మాస్టారు ఉన్నాడుగా!" అని ఒకతె. "చీకట్లో పాఠాలు బాగానే చెబుతాడా?" అని ఇంకొకతె. పీత డొల్ల పగలగొట్టే సుత్తి చేతిలో ఉన్నా, అక్క దాన్ని డొల్లల మీదే దించేది. పైకి నవ్వేది. ఇంటికొచ్చి గిన్నెలు విసురుగా తోమేది.

చలికాలం గడిచింది. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురొచ్చింది, అదీ ఉపవాసకాలం మధ్యలో ఒక్కరోజు ఉపవాసం సడలించి చేసుకునే పారిష్ విందు రోజున. పూజకు వచ్చి, విందు తిని, మేడ మీద గది చూసి పోతానన్నాడు. అతను సరే అంటే బావ ఉద్యోగం ఖాయం. వారం రోజులు బావ నిద్రపోలేదు. సెంట్లు, మేకులు, వెనిగర్ జాడీలు వరసగా పేర్చాడు. పిల్లలు తమ చేత్తో చేసిన ప్రవాహమాపకాలు గోడకు తగిలించాడు.

విందు రోజు ఇన్‌స్పెక్టరును మేడ మీదికి తీసుకెళ్ళాడు. తన కోటును కింద హాల్లోని కొక్కేనికి తగిలించి వెళ్ళాడు. తాళంచెవి కోటు జేబులో ఉంది.

కింద ఒలీవ్ మళ్ళీ రెండో పాత్ర అదే గోడకు పెట్టింది. దీపాలు ఆరిపోయాయి. మేడ మీద కిటికీల్లోంచి వెలుతురు దండిగా ఉంది కాబట్టి పైన ఎవరికీ తెలియలేదు. కింద గ్జావియే నోరు తెరిచాడు, "చీకటి..." అని. ఆ పేరు హాలంతా పాకి మేడ ఎక్కేలోపే దీపాలు వెలిగాయి. జనం చప్పట్లు కొట్టారు. "మాస్టారు బాగుపడ్డాడు!" అన్నారెవరో. దీపాలు ఆరడం లేదని చూసి ఒలీవ్ ధైర్యంగా మూడో ప్లగ్గు కూడా పెట్టింది, ఫ్రికో వెచ్చగా ఉంచే పెద్ద పాత్రది. అదీ ఆరలేదు. ఆడవాళ్ళు ముచ్చటపడ్డారు.

బావ, ఇన్‌స్పెక్టరు మెట్లు దిగేసరికి హాలంతా వెలుగు, వేడి కాఫీ, చప్పట్లు. బావ గోడ వైపు చూశాడు. బల్ల మీద గుడ్డలు కప్పి ఉండటంతో ప్లగ్గులు కనపడలేదు. తన మాట విని ఒకటి సముద్రం వైపు పెట్టారనుకున్నాడు. ఇన్‌స్పెక్టరు అతని భుజం తట్టి అందరికీ వినపడేలా అన్నాడు. "పుస్తకం చెప్పేవాళ్ళు చాలామంది. ఊరు ఊరంతటికీ నేర్పినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను."

బావ ముఖం అంత వెలగడం నేను మళ్ళీ చూడలేదు. అక్క వంటగది గుమ్మంలో నిలబడి చూస్తోంది, చేతిలో తుడుపు గుడ్డ, కళ్ళలో నీళ్ళు.

సాయంత్రం జనం ఇళ్ళకు వెళ్ళారు. చీకటి పడుతుండగా చర్చి గంట ఆగకుండా మోగింది. గోడ లోపల రంపపు పొట్టు ఎప్పుడు రాజుకుందో ఎవరికీ తెలియదు. మేం బకెట్లతో వెళ్ళేసరికి మేడ మీది గది కిటికీల్లోంచి మంట బయటికి తొంగి చూస్తోంది. బావ రెండుసార్లు లోపలికి పరుగెత్తబోతే నేను నడుం పట్టుకుని ఆపాను. వెనిగర్ జాడీలు పగులుతున్న చప్పుడు వినిపించింది. ఎవరికీ ఏమీ కాలేదు. హాలు మాత్రం మిగల్లేదు, పైన బడీ మిగల్లేదు.

మర్నాడు పొద్దున్నే బావ బూడిదలో వెతికి ఫ్యూజు పెట్టె తెచ్చాడు. ఇనపది కాబట్టి మిగిలింది. వంటగది బల్ల మీద పెట్టి సుత్తితో తలుపు ఊడగొట్టాడు. కరిగిన గాజు తొలగించి, గుంటలోంచి నల్లబడ్డ సెంటును బయటికి తీశాడు. నేనక్కడే ఉన్నాను.

"ఇదెవరు పెట్టారు?" అన్నాడు, ఎవర్నీ చూడకుండా.

అక్క పొయ్యి వైపు తిరిగి ఉంది. "నేనే."

పొయ్యి మీద నీళ్ళు మరిగిపోతున్నాయి.

"నీ కోటులోంచి తాళంచెవి తీశాను," అంది అక్క. "గ్జావియే నోరు తెరిచాడు. ఇన్‌స్పెక్టరు ముందు ఆ పేరు... నేను వినలేకపోయాను అలీర్."

"నవ్వితే నవ్వేవాళ్ళు."

"నీకు తేలిక. నువ్వు మేడ మీద పిల్లల మధ్య ఉంటావు. కింద వినేది నేను."

"సెంటు పెడితే ఏమవుతుందో నీకు తెలియదా?"

"తెలుసు. నీ పాఠం నాకు కంఠతా వచ్చు. నీరసమైన పిల్ల, మూర్ఛ, చర్చి... అంతా వచ్చు. కాఫీ అయ్యేదాకా పెట్టి తీసేద్దామనుకున్నాను. కాసేపే కదా అనుకున్నాను." ఆమె మరిగిన గిన్నె దించి పక్కన పెట్టింది. "ఆయన నీ భుజం తట్టాడు చూడు, ఆ సంతోషంలో మర్చిపోయాను."

బావ సెంటును వేలితో తుడిచాడు. రాణిగారి ముక్కు కనిపించింది. "వలయం పూర్తి చేశావు," అన్నాడు. అది తిట్టో కాదో నాకర్థం కాలేదు. అక్కకు అర్థమైంది. ఆ రోజు తర్వాత ఆ మాట వాళ్ళింట్లో ఎవరూ అనలేదు.

ఫాదరుగారి ఇంట్లో కమిటీ కూర్చుంది. అక్క షాలు కప్పుకుని బయల్దేరితే బావ తలుపు దగ్గర ఆపాడు. "నువ్వు రావద్దు. నేను మాట్లాడతాను."

తోడుగా నేను వెళ్ళాను. ఫాదరుగారు చెడ్డవాడు కాదు. ఎర్రబడిన కళ్ళతో అడిగారు. "అలీర్, నాయనా, మూడు ప్లగ్గులకీ ఫ్యూజు మాడలేదంటే పెట్టెలో సెంటుందని ఫిర్యాదు. నువ్వు పెట్టి ఉండవని నాకు తెలుసు. ఎవరో చెప్పు, చాలు."

"తాళంచెవి నా దగ్గరే ఉంది ఫాదర్," అన్నాడు బావ. "నేనే పెట్టాను."

"నువ్వా?"

"ఇన్‌స్పెక్టరుగారి ముందు చీకటి కాకూడదని."

గ్జావియే కుర్చీలో వెనక్కి వాలాడు. అతని ముఖంలో కోపం లేదు. హాయి ఉంది. "చూశారా ఫాదరుగారూ! ఏళ్ళ తరబడి మా బుర్రలు తిన్నాడు. చివరికి మాలాంటివాడే," అన్నాడు. ఆ గదిలో అందరూ కొంచెం తేలికపడ్డట్టు నాకు అనిపించింది.

దారిలో నేను ఆగలేక అరిచాను. "బావా, నీకు మతిపోయిందా? నిజం చెబితే నీ గది నీకుండేది. వేరే చోట కట్టేవాళ్ళు!"

"దాన్ని ఆ బల్ల దగ్గర నిలబడనిస్తారా ఇక?" అన్నాడు. "మాస్టారినైతే తిట్టి వదిలేస్తారు. ఆడదాన్ని ఏళ్ళ తరబడి కొరుక్కుతింటారు. నువ్వు నోరు మూసుకో. దానికీ చెబుతాను, నేను బతికున్నంతకాలం ఈ మాట బయటికి రాకూడదని. దాని కోసం నేనాడిన ఒక్క అబద్ధాన్ని కూడా వమ్ము చేస్తే, ఇక నా దగ్గర మిగిలేదేమీ ఉండదు."

అనుమతి మళ్ళీ రాలేదు. బావ మా చేపల కొట్టంలో ఐసు పగలగొట్టే పనిలో చేరాడు. పట్నం నుంచి కొత్త మాస్టారు వచ్చాడు. పుస్తకం చూసి చదివేవాడు, పిల్లలు చూసి రాసుకునేవారు.

అసలు చేదు ఇంకోటి ఉంది. బావ పాఠం చెప్పినంతకాలం సెంటు పెట్టేవాళ్ళు కనీసం దొంగచాటుగా పెట్టేవారు. ఇప్పుడు బహిరంగంగా పెడుతున్నారు. "మాస్టారే పెట్టాడు, మనమెంత!" అని నవ్వుతూ. ఆ మాట అనే ఇళ్ళలో సగం మంది అతని పాత శిష్యులే. ఓం నియమం ఇప్పటికీ తప్పులేకుండా చెప్పగలిగినవాళ్ళు. మొదట్లో బావ ఇళ్ళకు వెళ్ళి, "అది తీసేయండర్రా, హాలు ఏమైందో చూశారుగా," అని బతిమాలేవాడు. "నువ్వు మూడు ప్లగ్గులు పెట్టనిచ్చావు మాస్టారూ, మేం రెండే పెడతాం," అనేవారు. తర్వాత వెళ్ళడం మానేశాడు. అతని పేరు కూడా మారింది. చీకటి పోయి 'సెంటు మాస్టారు' అయ్యాడు. గ్జావియే ఆ పేరుతో ప్రేమగానే పిలిచేవాడు. అది ఇంకా ఘోరం.

అక్కా బావా ఒక కప్పు కింద చాలా ఏళ్ళు బతికారు. పోట్లాడుకోలేదు. కలిసి భోంచేసేవారు, కలిసి చర్చికి వెళ్ళేవారు. ఇంట్లో ఫ్యూజు పోతే అక్క చీకట్లోనే కూర్చునేది, బావ ఐసు కొట్టం నుంచి వచ్చేదాకా. నేలమాళిగలో ఫ్యూజు పెట్టె పక్కన అతను పొగాకు డబ్బా నిండా కొత్త ఫ్యూజులు ఉంచేవాడు. ఆమె ఆ మెట్లు దిగేది కాదు.

బావ డిసెంబరులో పోయాడు. ముందు గదిలో శవపేటిక పెట్టాం, ఊరంతా జపమాలకు వచ్చింది. మా దగ్గర డిసెంబరు మధ్యాహ్నం నాలుగు దాటితే చీకటి. చలికి ఒలీవ్ తన ఇంటి నుంచి కరెంటు హీటరు తెచ్చింది. ఇంకెవరో రెండోది తెచ్చారు. వంటగదిలో కాఫీ పాత్ర పెట్టారు. జపమాలలో మూడో భాగం, అంటే మూడో రహస్యం, చదువుతుండగా ఇల్లు చీకటైంది.

శవపేటిక దగ్గర రెండు కొవ్వొత్తులు మాత్రం ఉన్నాయి. ఆ వెలుగులో గ్జావియే గొంతు వినిపించింది. "ఎవరి దగ్గరైనా సెంటుందా?" ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. "మాస్టారి పద్ధతే, మాస్టారి ఇంట్లో," అన్నాడు గ్జావియే. జేబులో చిల్లర చప్పుడు చేసుకుంటూ నేలమాళిగ మెట్లవైపు నడిచాడు.

అక్క లేచింది. "ఆగండి. ఆయన పెట్టలేదు. ఆ రోజు హాల్లో సెంటు పెట్టింది నేను. కోటులోంచి తాళంచెవి తీసింది నేను. ఆయన జీవితంలో ఒక్కసారి కూడా ఆ పని చేయలేదు."

ఒలీవ్ వచ్చి అక్క భుజాల చుట్టూ చెయ్యి వేసింది. "ఊరుకోవే తల్లీ. పోయినవాడి పేరు కోసం నువ్వు పాపం నెత్తినేసుకోకు. మేమెప్పుడో మర్చిపోయాం."

"నేను నిజం చెబుతున్నాను!"

"చెబుతావులే. మంచి ఇల్లాలివి," అన్నారు వెనకనుంచి ఇంకెవరో. ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు. అక్క మీద వాళ్ళకు అంత గౌరవం ఎప్పుడూ కలగలేదు.

"దెలీమా చెప్పింది నిజమే. నాకు తెలుసు," అన్నాను నేను.

"మీ బాబాయి సైకిలు సంగతి చెప్పు ఫిదేల్, పొగమంచుకు ఆనించిందీ," అన్నాడొకడు. ఈసారి నవ్వు ఆపుకోలేదు.

అంతలో దీపాలు వెలిగాయి. అందరూ "ఆఁ" అన్నారు. శవపేటికలో బావ ముఖం మీద వెలుగు పడింది.

అక్క కొవ్వొత్తి తీసుకుంది. ఏళ్ళ తర్వాత ఆ మెట్లు దిగింది. నేను వెనకే వెళ్ళాను. గ్జావియే చేతులు దులుపుకుంటూ ఎదురొచ్చి దారి ఇచ్చాడు. ఫ్యూజు పెట్టె తలుపు తెరిచే ఉంది. పక్కన అలమరలో, చేతికి అందేంత దగ్గరలో, పొగాకు డబ్బా. మూత కూడా లేదు. కొత్త ఫ్యూజుల గాజు కిటికీలు కొవ్వొత్తి వెలుగుకు మెరుస్తున్నాయి.

అక్క ఫ్యూజు తిప్పి తీసింది. పైన చీకటి, గొణుగుడు. సెంటు బయటికి లాగి నా చేతిలో పెట్టింది. డబ్బాలోంచి కొత్త ఫ్యూజు ఒకటి తీసి పైకి అరిచింది. "ఒలీవ్! హీటరు ప్లగ్గు పీకు!"

"చలేస్తోందే దెలీమా!"

అక్క ఫ్యూజు బిగించింది. పైన వెలుగు వచ్చింది, కాసేపుండి పోయింది. కిటికీ నల్లబడింది. ఇంకోటి బిగించింది. అదీ అంతే. ఆమె తొందరపడటం లేదు, ఏడవడం లేదు. ఒకటి తీసి, ఒకటి పెట్టి, ప్రతిసారీ పైకి అదే మాట అరుస్తోంది. పైనుంచి ఒకసారి, "వెలుగైనా ఉంచు, చీకటైనా ఉంచు!" అని గ్జావియే అరిచాడు. అడుగున ఒక్క ఫ్యూజు మిగిలినప్పుడు ఆమె డబ్బా నేల మీద పెట్టి, మెట్టు మీద కూర్చుంది.

పైన చీకట్లోనే జపమాల మళ్ళీ మొదలైంది. హీటరు ప్లగ్గు మాత్రం ఎవరూ పీకలేదు.